రెల్లు పూసిన రోజుల్లో పసిపిల్లలతో: గోదావరి డెల్టాలో ఒక్కపూట ప్రయాణాలు, ఇంటి చేతిపనులు

దసరా వెళ్లేసరికి గోదావరిలో ఎర్రనీరు తీసి నది తేటపడుతుంది. లంకల్లో రెల్లు తెల్లగా పూస్తుంది. కాలువ గట్ల వెంట సార్వా వరి ఈని, కంకులు బరువెక్కి వంగడం మొదలుపెడతాయి. తెల్లవారేసరికి పారిజాతం చెట్టు కింద నేల కనిపించదు. ఎండ మాడ్చని, వాన తెరిపి ఇచ్చే ఈ ఆశ్వయుజ, కార్తీక మాసాలు మూడేళ్ల నుంచి ఎనిమిదేళ్ల వయసు పిల్లలను బయట తిప్పడానికి ఏడాది మొత్తం మీద డెల్టాలో దొరికే మంచి రోజులు. మా ఇంట్లో కొన్నేళ్లుగా ఈ రెండు నెలల్లో చేస్తూ వచ్చిన చిన్న ప్రయాణాలనూ, అక్కడి నుంచి తెచ్చుకున్న వస్తువులతో పిల్లల చేత చేయించిన పనులనూ ఆధారం చేసుకుని ఈ పద్ధతిని రాస్తున్నాను. పద్ధతి చాలా చిన్నది: ఒక పూట, ఒక చోటు, ఇంటికి తెచ్చుకునే ఒక వస్తువు.

మొదటి ఏడు మాకు ఈ సంగతి తెలియదు. నర్సాపురం రేవులో పంటు, అంటే నది దాటించే బల్లకట్టు, ఎక్కి సఖినేటిపల్లి చేరి, అంతర్వేది స్వామి దర్శనం చేసుకుని, అన్నాచెల్లెళ్ల గట్టు దగ్గర గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసే చోటు చూసి, దీపస్తంభం చూసి, దారిలో బంధువుల ఇంట భోజనం చేసి, చీకటిపడ్డాక ఇల్లు చేరాం. మా అమ్మాయికి అప్పుడు మూడున్నరేళ్లు. మధ్యాహ్నం నుంచి ఏడుస్తూనే ఉంది. ఆ రాత్రి వాళ్ల తాతగారు "ఏం చూశావమ్మా?" అని అడిగితే గుడి సంగతీ చెప్పలేదు, సముద్రం సంగతీ చెప్పలేదు. పంటు మీదికి గేదె ఎక్కనంటే ముందు ఒకాయన పలుపు లాగి, వెనక ఒకాయన తోక మెలిపెట్టి ఎక్కించారని మాత్రం చెప్పింది. ఆ మాట పట్టుకుని మరుసటి ఏడు పంటు ఒక్కటే కార్యక్రమంగా పెట్టుకున్నాం. ఈ రేవు నుంచి ఆ రేవుకు వెళ్లి, ఒడ్డున కూర్చుని తెచ్చుకున్న పులిహోర తిని, మరో పంటులో వెనక్కి వచ్చేశాం. సాయంత్రం పెరట్లో అరటి దొప్పతో చిన్న పంటు తయారైంది. ఆ దొప్ప వాడి నల్లబడేదాకా పిల్ల దాన్ని వదలలేదు.

రోజును ఎంచుకోవడం

ఇవే నెలలు తుపానుల నెలలు కూడా అన్న సంగతి మనం ఎప్పుడూ మరవకూడదు. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను కోనసీమ కొబ్బరి తోటలను ఎలా పడగొట్టిందో ఇంట్లో పెద్దవాళ్లను అడిగితే ఇప్పటికీ గంటసేపు చెబుతారు. బంగాళాఖాతంలో అల్పపీడనం ఏర్పడిందన్న వార్త వినగానే సముద్రతీరానికి, రేవులకు, మడ అడవులకు అనుకున్న ప్రయాణాలను వాయిదా వేసుకోవాలి; వాన వెలిసిన మర్నాడే బయలుదేరకుండా, అల తగ్గి, గట్లు ఆరేదాకా రెండు మూడు రోజులు ఆగాలి. నది ఇంకా ఎర్రగా, వడిగా పారుతుంటే పడవ జోలికే పోవద్దు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పడవ మునిగిన ఘోరం వరద నీటిలో జరిగినదే. పంటు మీద అయినా, చిన్న పడవ మీద అయినా పిల్ల ఒంటికి సరిపోయే లైఫ్ జాకెట్ ఉందో లేదో చూసుకోండి. పెద్దల జాకెట్ పిల్లలకు తొడిగితే నీటిలో అది తల మీదుగా జారిపోతుంది.

వేళ విషయానికి వస్తే, పొద్దున ఏడు నుంచి పదకొండు వరకు, లేదా మధ్యాహ్నం నిద్ర అయ్యాక మూడు నుంచి ఐదు వరకు సరిపోతుంది. కార్తీకంలో ఐదున్నరకల్లా పొద్దు గుంకుతుంది, వెంటనే దోమలు లేస్తాయి, మంచు దిగుతుంది. ఆ వేళకు ఇల్లు చేరి ఉంటే మంచిది. కార్తీక సోమవారాలు, ఏకాదశి, పౌర్ణమి నాడు నదీ ఘాట్లలోనూ, పంచారామాల్లోనూ జనం పొంగిపొరలుతారు. ఐదు ఆరామాల్లో నాలుగు, అంటే ద్రాక్షారామం, సామర్లకోట, పాలకొల్లు, భీమవరం గునుపూడి, మన చుట్టుపక్కలే ఉన్నాయి కాబట్టి పిల్లలతో వాటికి మామూలు రోజు మధ్యాహ్నం వెళ్లడమే మేలు. అప్పుడు కోనేటి మెట్ల మీద కూర్చుని చేపలకు మరమరాలు వేసే తీరిక కూడా దొరుకుతుంది. జనంలోకి వెళ్లక తప్పనప్పుడు మీ ఫోన్ నంబరు రాసిన కాగితం పిల్ల జేబులో పెట్టి, పైన పిన్నీసు గుచ్చండి.

వీటన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త కాలువల గురించి. ఎండాకాలంలో కట్టేసిన కాలువలు ఈ రోజుల్లో నిండుగా పారుతుంటాయి, గట్టు అంచున గడ్డి కింద మన్ను మెత్తబడి ఉంటుంది. గట్టు మీద నడిచేటప్పుడు పెద్దవాళ్లు నీటి వైపున, పిల్లలు చేని వైపున ఉండాలి. ఒక్కో చిన్న పిల్లకు ఒక్కో పెద్ద చెయ్యి కేటాయించుకోవాలి. ఇద్దరు పిల్లలు ఉండి, వెంట ఒక్కరే పెద్దవారు ఉంటే కాలువ గట్టుకు వెళ్లవద్దనే నేను చెబుతాను. కోతలు మొదలైన చేలలో పురుగూ పుట్రా బయటికి వస్తాయి కాబట్టి పిల్లలను చేలోకి దిగనివ్వకుండా, గట్టు మీది నుంచే చూపించాలి. నాగుల చవితి నాడు పుట్ట దగ్గర పాలు పోసేటప్పుడు కలుగుల్లో వేలు పెట్టనివ్వకండి.

ఎక్కడికి వెళ్లాలి

అన్నిటికంటే దగ్గరి చోటుతో మొదలుపెట్టండి. ఊరి చివర చేను, కాలువ లాకులు, పక్క లంకలో రెల్లు దుబ్బులు, ఇవే చాలు. నాలుగేళ్ల పిల్లకు కిలోమీటరు దూరంలోని లాకుల తలుపు ఎత్తడం చూడటం వంద కిలోమీటర్ల ప్రయాణం కంటే పెద్ద సంగతి. రెల్లు కోయించినప్పుడు దాని ఆకు అంచు చేతిని కోస్తుందని ముందే చెప్పి, పూత ఉన్న కాడలను పెద్దవాళ్లే కొడవలితో కోసి ఇవ్వాలి. ఇంటికి తెచ్చి నీళ్లు లేని గాజు సీసాలో నిలబెడితే కార్తీకం అంతా అలాగే ఉంటుంది. దూది రాలి ఇల్లంతా ఎగరకుండా ఉండాలంటే పూత పూర్తిగా విచ్చకముందే కోయాలి.

కాస్త దూరం వెళ్లదలచుకుంటే ధవళేశ్వరం నా మొదటి ఎంపిక. 1847లో మొదలై 1852లో పూర్తయిన పాత ఆనకట్ట వల్లే మనం నిలబడ్డ ఈ నేల అంతా పచ్చబడిందని పిల్లలకు మాటల్లో చెబితే అర్థం కాదు. బ్యారేజీ తలుపుల కింద నీళ్లు నురగలు కక్కుతూ దూకడం చూపించి, అక్కడే ఉన్న కాటన్ మ్యూజియంలో నమూనాలు చూపిస్తే కొంత పడుతుంది. మిగిలినది ఇంటి వాకిట్లో పూర్తి చేయాలి. ముగ్గుపిండితో వాకిట్లో ఒక లావు గీత గీసి, అది ధవళేశ్వరం దగ్గర రెండుగా చీలి, ఎడమది గౌతమిగా యానాం వైపు, కుడిది వశిష్ఠగా నర్సాపురం వైపు పోయేటట్టు, వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోయేటట్టు గీసి చూపించండి. రెండు పాయల నడుమ మిగిలిన మూడు మూలల నేల కోనసీమ అని చెప్పి, మీ ఊరు ఉన్న చోట పిల్ల చేత ఒక తులసి ఆకు పెట్టించండి. సముద్రం కోసం కింద నీలిమందు చల్లించవచ్చు. మా పిల్లలు అమ్మమ్మ ఊరికీ, మామ్మ ఊరికీ రెండు బంతిపూలు పెట్టి, మధ్యలో ఎన్ని పాయలు దాటాలో లెక్కపెట్టుకునేవారు. ఆ ముగ్గు మర్నాడు పొద్దున చెరిగిపోతుంది, మళ్లీ గీయమంటారు. మూడోసారికి వాళ్లే గీస్తారు.

కాకినాడ–యానాం రోడ్డు మీద ఉన్న కోరింగ అభయారణ్యంలో మడ చెట్ల మధ్య చెక్కలతో వేసిన నడకదారి ఉంది. అక్కడికి పోటు వేళ కాకుండా, నీరు తీసిన ఆటు వేళ వెళితేనే పిల్లలకు చూడటానికి ఏమైనా ఉంటుంది: బురదలోంచి మేకుల్లా పైకి లేచిన శ్వాస వేళ్లు, ఒక డెక్క పెద్దదిగా ఉన్న ఎర్ర పీతలు, రెక్కల మీద పాకుతూ గెంతే చిన్న బురద చేపలు కనిపిస్తాయి. ఆటు ఎప్పుడో తెలుసుకోవడానికి దగ్గరలోని వేటగాళ్లను ఒక్క మాట అడిగితే చాలు. కోరింగ నుంచి ఏదీ తేకూడదు, వేరు ముక్క కూడా. ఇంటికి వచ్చాక చెరువు మట్టితో పీతలు చేయించి, కాళ్లకు చీపురు పుల్లలు గుచ్చించండి.

డెల్టా పడమటి అంచున కొల్లేరులో, కైకలూరు దగ్గరి ఆటపాకలో నవంబరు నుంచి గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టుకుంటాయి. చెట్టంతా తెల్లగా పక్షులతో నిండిపోవడం చిన్నపిల్లలకు కూడా దూరం నుంచే కనిపిస్తుంది కాబట్టి బైనాక్యులర్ లేకపోయినా ఇబ్బంది లేదు. పేరుపాలెం, ఓడలరేవు, అంతర్వేది తీరాలకు వెళ్లేవారు పిల్లలను నీటిలోకి దింపే ఆలోచన మానుకుని ఇసుకకే పరిమితం కావాలి. గవ్వలు, ఆలిచిప్పలు ఏరేటప్పుడు లోపల ప్రాణి ఉన్నవాటిని తిరిగి నీటిలో వదిలేయడం మొదట నేర్పండి. తెచ్చినవాటిని రాత్రంతా మంచినీటిలో నానబెట్టి, పాత బ్రష్షుతో తోమి ఎండబెట్టకపోతే రెండు రోజుల్లో ఇల్లు నీచు వాసన కొడుతుంది.

కడియం నర్సరీల సంగతి వేరు. అక్కడ పెద్దవాళ్లే దారి తప్పుతారు. లోపలికి వెళ్లేముందే పిల్ల చేతిలో ముప్పై రూపాయలు పెట్టి, దానికి వచ్చే ఒక్క మొక్కను తనే ఎంచుకోవాలని చెప్పండి. అరగంట నడిచి, పది మొక్కలు చూసి, చివరికి మొదట చూసిన చేమంతి నారు దగ్గరకే వస్తారు. ఆ తిరగడమే ఆ పూట పని. ఆ మొక్క పూసేదాకా ఆగలేని చిన్నవాళ్ల కోసం ఇంట్లో కొబ్బరి చిప్పకు కన్ను దగ్గర పొడిచి, కొబ్బరి పొట్టు, మట్టి సగం సగం కలిపి నింపి, నానబెట్టిన మెంతులు చల్లించండి. నాలుగో రోజుకల్లా మొలకలు కనిపిస్తాయి, రెండు వారాల్లో పప్పులోకి మెంతికూర వస్తుంది.

సంచిలో మంచినీళ్లు, ఓఆర్ఎస్ పొట్లం, దూది, ప్లాస్టరు, దోమల లేపనం, ఒక జత మారు బట్టలు, కూర్చోవడానికి చాప, ఏరిన వస్తువులు వేసుకోవడానికి ఒక గుడ్డ సంచి ఉండాలి. కొబ్బరి చెట్టు కింద మాత్రం చాప పరచవద్దు. కోనసీమలో పుట్టిపెరిగిన మనకు ఇది చెప్పనక్కరలేదనుకుంటాం గాని, నీడ చూడగానే అందరం ముందు అక్కడే కూర్చుంటాం.

ధాన్యం కుచ్చు

ఇక చేతిపనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ధాన్యం కుచ్చు. కొత్త వరి కంకులను జడలా అల్లి గుడి మండపాల్లోనూ, ఇంటి వసారాలోనూ పిచ్చుకల కోసం వేలాడదీయడం మన పల్లెల్లో ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. పెద్ద కుచ్చును చేయి తిరిగిన రైతులే అల్లగలరు. ఐదారేళ్ల పిల్లలతో చేయదగిన చిన్న కుచ్చు ఇది.

గింజ పసుపు తిరిగి, కాడలో ఇంకా పచ్చి ఉన్నప్పుడు కంకులు తీసుకోవాలి. పూర్తిగా పండి ఎండిన కాడ అల్లేటప్పుడు పుటుక్కున విరుగుతుంది, గింజ కూడా రాలుతుంది. రైతును అడిగి తీసుకోండి, అడిగేటప్పుడే చేనుకు మందు ఎప్పుడు కొట్టారో కూడా అడగండి. ఈ మధ్యే కొట్టిన చేను అయితే ఆ కంకులు పిల్లల చేతికీ, పిచ్చుకల నోటికీ పనికిరావు. చివరి కణుపు పైన పట్టుకుని మెల్లగా లాగితే కంకి జానెడు, జానెడున్నర కాడతో ఆకు తొడుగులోంచి జారి వస్తుంది. పిల్లలకు ఈ లాగడం చెప్పలేనంత సరదా. చిన్న కుచ్చుకు నలభై ఐదు కంకులు సరిపోతాయి, విరిగేవాటి కోసం ఇంకో పది తీసుకోండి. వరి నూగు దురద పెడుతుంది కాబట్టి పొడుగు చేతుల చొక్కా వేసి, పని అయ్యాక కళ్లు నలుపుకోకముందే చేతులు కడిగించాలి.

ఇంటికి తెచ్చిన కంకుల కాడల మీద నీళ్లు చిలకరించి, తడి గుడ్డలో అరగంట చుట్టి ఉంచితే మెత్తబడతాయి. పదిహేనేసి కంకులు చొప్పున మూడు కట్టలుగా లెక్కపెట్టే పని చిన్నవాళ్లది. మా అబ్బాయి పదిహేను దాకా లెక్కపెట్టడం ఈ కట్టల దగ్గరే నేర్చుకున్నాడు. కంకులన్నీ ఒక వైపు, కాడలన్నీ ఒక వైపు ఉండేటట్టు సర్ది, మూడు కట్టలనూ కలిపి కంకుల మెడ దగ్గర పురికొసతో గట్టిగా బిగించాలి. ఈ బిగింపు పెద్దవాళ్లే వేయాలి, ఎందుకంటే కాడలు ఆరేకొద్దీ సన్నబడి, వదులుగా కట్టిన ముడిలోంచి వారం తిరక్కుండా ఒక్కొక్కటే జారిపోతాయి. ఆపైన అచ్చం అమ్మాయికి జడ వేసినట్టే మూడు పాయలు అల్లాలి. పెద్దవారు కంకుల వైపు పట్టుకుని కూర్చుంటే ఆరేడేళ్ల పిల్ల నిలబడి అల్లుతుంది. చివర మళ్లీ పురికొస కట్టి, ఆ చివరను వెనక్కి వంచి ఉంగరంలా ముడివేస్తే తగిలించడానికి వీలవుతుంది. తలకిందులుగా నీడలో నాలుగు రోజులు ఆరబెట్టి, పిల్లి ఎగిరి అందుకోలేనంత ఎత్తున చూరుకు కట్టండి. పిచ్చుకలు మొదటి రోజే వస్తాయని పిల్లలకు మాట ఇవ్వవద్దు. మాకు తొమ్మిదో రోజున వచ్చాయి. అప్పటిదాకా ఇద్దరూ రోజూ పొద్దున వసారాలో కిక్కురుమనకుండా కూర్చునేవారు.

చిన్న చిన్న పనులు కొన్ని

రాలిన కొబ్బరి మట్ట ఒకటి చాలు, ఒక సాయంత్రం గడిచిపోతుంది. ఒక రెబ్బను ఈనె నుంచి చీల్చి, సగం మీద సగం పడేటట్టు ఏటవాలుగా చుట్టుకుంటూ పోతే బూర అవుతుంది. వెడల్పు చివర విడిపోకుండా ఈనె ముక్క గుచ్చి, సన్నటి చివరలో చిన్న ఆకు ముక్కను రెండుగా మడిచి పెట్టి ఊదాలి. పచ్చి రెబ్బ అయితేనే మోగుతుంది. చుట్టడం తాతగార్లకు బాగా వస్తుంది, ఈ పని వాళ్లకు వదిలేయడమే మర్యాద.

రావి ఆకును జల్లెడలా మిగిల్చే పనికి ఓపిక కావాలి. ముదురు ఆకులను వెడల్పు గిన్నెలో నీళ్లు పోసి నానబెట్టి, దోమలు గుడ్లు పెట్టకుండా పైన పలచటి గుడ్డ బిగించి కట్టి, మూడు నాలుగు రోజులకోసారి నీళ్లు మార్చాలి. వాసన వస్తుంది, పెరట్లో ఓ మూల పెట్టుకోండి. మూడు వారాలు దాటాక పచ్చని గుజ్జు వేలితో రుద్దితే ఊడివస్తుంది. అప్పుడు పళ్లెంలో కొద్దిగా నీళ్లలో ఆకును పరిచి, మెత్తటి పాత టూత్‌బ్రష్షుతో కాడ నుంచి అంచు వైపుకు మాత్రమే తట్టినట్టు దువ్వించాలి. అడ్డంగా రుద్దితే ఈనెలు తెగుతాయి. దసరాకు నానబెడితే కార్తీకంలో అందుతుంది. పత్రికల మధ్య ఆరబెట్టిన ఆ జాలి ఆకును రంగు కాగితం మీద అంటించి, దూరాన ఉన్న మామ్మగారికి ఉత్తరంలో పంపించవచ్చు.

ఆరేడేళ్లు నిండిన పిల్లలకు నూలుతో వేళ్ల మీదే గొలుసు అల్లడం నేర్పవచ్చు. నర్సాపురం చుట్టుపక్కల లేసు అల్లే అమ్మలెవరైనా మీకు తెలిసి ఉంటే, ఒక మధ్యాహ్నం వారి పక్కన పిల్లను కూర్చోబెట్టమని అడగండి. సూది చివర దారం మలుపు తిరిగే వేగాన్ని కంటితో చూసిన పిల్లకు తన చేతిలోని గొలుసు ఎందుకు వంకరపోతోందో మనం చెప్పనక్కరలేదు.

భాద్రపదంలో తాటిపళ్లు తిన్న ఇంట్లో టెంకలు మిగిలి ఉంటే వాటిని ఇసుక కలిసిన నేలలో పక్కపక్కన పరిచి మట్టి కప్పండి. సంక్రాంతికి తేగలు తవ్వుకోవచ్చు. ఈలోగా ఒక్క టెంక తీసి కొట్టి, లోపలి బుర్రగుంజు తినిపించండి.

దీపావళి విషయంలో ఒక్క మాట. ఇంట్లో మందు కూరి మతాబులు, చిచ్చుబుడ్లు కట్టే పాత అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో ఉంది. పసిపిల్లలు ఉన్న ఇంట్లో ఆ పని పెట్టుకోవద్దు. గోగు కాడలకు నూనెలో ముంచిన గుడ్డ ఒత్తులు కట్టి దివిటీ కొట్టించడం చాలు. కాడ పిల్ల చేతి కంటే పొడుగ్గా ఉండాలి, వెనక నిలబడ్డ పెద్దవారి చెయ్యి కూడా ఆ కాడ మీదే ఉండాలి, పక్కన నీళ్ల బిందె ఉండాలి, ఒంటి మీద నూలు బట్టలే ఉండాలి.

వనభోజనం, విస్తళ్లు

కార్తీక వనభోజనానికి ఉసిరి చెట్టు ఉన్న తోట వెతుక్కుంటాం కదా, ఆ ముందు రోజే పిల్లలను నాటు బాదం చెట్టు కిందికి తీసుకువెళ్లి, చిరగని పెద్ద ఆకులు ఏరించండి. కడిగి తుడిచిన ఆకుల్లో ఒకటి నడుమన పెట్టి, చుట్టూ ఐదారు ఆకులు అంచు మీద అంచు పడేటట్టు సర్ది, సన్నగా చీల్చిన ఈనె పుల్లలతో కుట్టాలి. పుల్ల కిందికి దిగి, వేలెడు దూరంలో పైకి వచ్చాక మిగిలిన ముక్కను తుంచేయాలి. పుల్ల మొన పైకి పొడుచుకుని ఉంటే అన్నంలోకి విరుగుతుంది కాబట్టి ప్రతి విస్తరినీ పెద్దవారు అరచేతితో ఒకసారి తడిమి చూడాలి. నాలుగేళ్ల పిల్ల ఆకులు అందిస్తుంది, ఏడేళ్ల పిల్లవాడు కుడతాడు. తాను కుట్టిన విస్తరిలో అన్నం మిగల్చకుండా తినడం మా ఇంట్లో నేను కళ్లారా చూశాను. పిల్లల కోసం పులిహోర, దద్దోజనం లాంటివి ఇంటి నుంచే తీసుకువెళ్లి, తోటలో పొయ్యి వెలిగించే సరదా పెద్దవాళ్లు వేరేగా, పిల్లలకు దూరంగా తీర్చుకోండి.

అరటి దొప్ప దీపం

ఈ కాలానికి చివరి పని పోలి పాడ్యమి నాటిది. కార్తీక అమావాస్య వెళ్లిన మర్నాడు, మార్గశిర శుద్ధ పాడ్యమి తెల్లవారుజామున అరటి దొప్పల్లో దీపాలు పెట్టి నీటిలో వదులుతారు. బజారులో దొరికే థర్మోకోల్ దొప్పలు కొనకుండా, గెల కోసిన అరటి చెట్టును ఎటూ నరికేస్తారు కాబట్టి ఆ బోదె నుంచే చేసుకోవాలి. పైన ఎండిన పొరలు ఒలిచేసి, లోపలి తెల్లటి గట్టి పొరను జానెడు ముక్కగా పెద్దవారు కోసి ఇవ్వాలి. అరటి కర బట్టకు అంటితే ఎన్ని ఉతుకులకూ పోదు, అందుకని పాత బట్టలు వేయండి. దొప్ప సహజంగానే పడవలా వంగి ఉంటుంది. రెండు చివరలనూ కొద్దిగా దగ్గరకు నొక్కి ఈనె ముక్క గుచ్చితే నీరు లోపలికి రాదు.

రెండు వంతుల బియ్యపు పిండికి ఒక వంతు గోధుమపిండి కలిపి గట్టిగా తడిపి, పిల్లల చేత చిన్న ప్రమిదలు చేయించండి. ఒట్టి బియ్యపు పిండి ఆరగానే పగులుతుంది. ప్రమిద అడుగున కాస్త తడి పిండి అద్ది దొప్ప నడుమ అంటించాలి. మా మొదటి దీపం వదలగానే పక్కకు ఒరిగి ఆరిపోయింది, ప్రమిద ఎత్తుగా, ఒక చివరగా ఉండటమే కారణం. అప్పటి నుంచి ముందు రోజు సాయంత్రమే గంగాళంలో నీళ్లు పోసి ప్రతి దొప్పనూ తేల్చి చూస్తున్నాం. ఒరిగితే ప్రమిదను ఎదురు వైపుకు వేలి మందం జరుపుతాం, లేదా ఆ వైపున ఒక అరటి ముక్క పెడతాం. ఎంత జరపాలో పిల్లలే కనిపెడతారు. నేతిలో నానబెట్టిన పువ్వొత్తి, రెండు చేమంతి రెక్కలు చాలు, ఎక్కువ పూలు పెడితే మునుగుతుంది.

రేవులో మెట్లు పాచిపట్టి ఉంటాయి. పిల్లలు మూడో మెట్టు పైనే నిలబడి దొప్ప అందించాలి, వెలిగించడం, వదలడం నీటి దగ్గర ఉన్న పెద్దవారి పని. తీగె, ప్లాస్టిక్ దారం, మెరుపు కాగితం ఏవీ దొప్ప మీద లేకుండా చూసుకున్నాం కాబట్టి పిండిని చేపలు తింటాయి, దొప్ప కుళ్లి నీటిలో కలిసిపోతుంది. దీపం ఎక్కడికి పోతుందని పిల్ల తప్పక అడుగుతుంది. మీరు కోటిపల్లి రేవులో ఉంటే యానాం వైపు అనీ, నర్సాపురం రేవులో ఉంటే అంతర్వేది వైపు అనీ చెప్పి, ఇంటికి రాగానే వాకిట్లో మళ్లీ ముగ్గుపిండి తీసుకుని ఆ పాయ వెంట వేలు నడిపించమనండి.